లెక్కకు రాని ఎనభై వోల్టులు

పాపకి నీళ్ళు పోసే ముందు నేను ఫ్యూజు పీకి కొంగులో ముడేసుకుంటానని మా అత్తగారు వీధంతా చెప్పారు. "మా కోడలు బియస్సీ చదివిందమ్మా, పట్టపగలు కరెంటు తీసేసి గానీ బిడ్డకి చెంబెడు నీళ్ళు పోయదు" అంటారు. వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఎందుకని అడిగితే "అలవాటండీ" అని ఊరుకుంటాను. పాప నిద్రపోయింది కాబట్టి ఇవాళ అసలు సంగతి రాస్తాను. కాలేజీలో ఇప్పుడు నా బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయికీ, లాబుల్లో కొత్తగా చేరుతున్న మిగతా పిల్లలకీ ఇది పనికొస్తుందేమో.

పెళ్ళికి ముందు గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుగా పనిచేశాను. పిల్లలు ప్రయోగాలు చేస్తుంటే పక్కన నిలబడి చూపించడం, రికార్డులు దిద్దడం, మీటర్లు బీరువాలో పెట్టి తాళం వెయ్యడం నా పని. నా పైన ఒక లెక్చరరుగారు. మంచివారు, హాస్యప్రియులు. ఆయనకు మీటర్లంటే గాజు సామాన్లన్నంత భయం. బీరువాలోంచి తీస్తే చాలు, వెనకే వచ్చి నిలబడేవారు.

"అమ్మాయ్, పుస్తకంలో కరెంటు రెండొందల ఇరవై వోల్టులు. నువ్వు కొలిచి రెండొందల అయిదు అని రాయిస్తే పరీక్షకు వచ్చినాయన నన్నడుగుతాడు. ఎందుకొచ్చిన గొడవ చెప్పు?"

అలా మా లాబులో ఎవరూ వోల్టులు కొలవకుండానే రెండొందల ఇరవై అని రాసేసేవారు. ఆంపియర్లు మాత్రం కొలిచేవారు. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే నిరోధం వస్తుంది, అది ఓముల్లో. రెంటినీ గుణిస్తే ఖర్చయ్యే శక్తి, అది వాట్లలో. లెక్క మూడో తరగతి పిల్లకైనా వస్తుంది. ఆ మొదటి అంకె ఎక్కడిదని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

ఒక ఎండాకాలం, పరీక్షల ముందు, బల్బు ప్రయోగం చేయిస్తున్నాను. వెనక బెంచీ పిల్ల ఒకతె లేచింది. ప్రత్తిపాడు దగ్గర పల్లెనుంచి రోజూ బస్సులో వచ్చేది. నోరు విప్పడమే అరుదు.

"మేడమ్, నీళ్ళు పోస్తే బల్బు వెలుగు పెరుగుద్దా?"

క్లాసు గొల్లుమంది. "పెరుగుద్దే, ఎరువు కూడా వేస్తే కాయలు కాస్తది!" అని ముందు బెంచీ నుంచి ఎవరో అన్నారు.

ఆ పిల్ల నవ్వలేదు. కూర్చోనూ లేదు. "మా ఇంట్లో పెరుగుతోంది మేడమ్. మా అక్క పాపకి నీళ్ళు పోసినప్పుడల్లా" అంది.

క్లాసు అయిపోయాక పక్కకు పిలిచి అడిగాను. చెప్పిందిది.

వాళ్ళ అవ్వ పల్లెలో పుట్టిన ప్రతి బిడ్డకీ నీళ్ళు పోసిన మనిషి. కాళ్ళు బారజాపుకుని, బిడ్డను కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టి, నలుగుపిండి రుద్ది, గోరువెచ్చటి నీళ్ళు ధారగా పోయించేది. అందుకోసం ఇంటి వెనక తాటాకు దడి కట్టిన చిన్న పాక ఒకటి ఉంది. అందులో బిడ్డలకు తప్ప ఇంకెవరికీ నీళ్ళు పోయరు. ఆ అవ్వ చలికాలం చివర్లో చనిపోయింది. కొద్ది రోజులకే అక్కకు ఆడపిల్ల పుట్టింది. పురిటి రోజులు వెళ్ళాక పాకలో మొదటిసారి నీళ్ళు పోస్తుంటే, మిణుకు మిణుకుమంటున్న బల్బు ఒక్కసారిగా పెద్దగా వెలిగింది. నీళ్ళు ఆపేసిన కాసేపటికి మళ్ళీ మందగించింది. అప్పట్నుంచీ రోజూ అంతే.

"అవ్వే వస్తోందంటున్నారు మేడమ్. ఊళ్ళోవాళ్ళంతా బిడ్డల్ని తెచ్చి మా పాకలోనే నీళ్ళు పోయించుకుంటున్నారు."

వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబమని నాకు తెలుసు. "మీ పాస్టరుగారేమీ అనలేదా?"

"ఇది మన విశ్వాసం కాదని మందలించారు మేడమ్. తర్వాత శనివారం వాళ్ళ మనవణ్ణే ఎత్తుకొచ్చారు."

నాకు నవ్వొచ్చింది. కానీ ఆ పిల్ల తర్వాత అన్నమాటకు నవ్వు ఆగిపోయింది.

"అక్కకి మడమ మీద చెయ్యి వేసినట్టుంటదంట మేడమ్. నీళ్ళు పోసినంతసేపూ."

ఆ శనివారం మధ్యాహ్నం లెక్చరరుగారితో చెప్పి ఒక వోల్టుమీటరు, ఒక ఆమ్మీటరు తువ్వాల్లో చుట్టుకుని ఆ పిల్లతో బస్సెక్కాను. "దెయ్యానికి రీడింగు తీస్తావా? నాకూ చెప్పు, రికార్డులో రాయిద్దాం" అని ఆయన గేటుదాకా వచ్చి సాగనంపారు.

దారి పొడుగునా ఎండు మిరపకాయల కళ్ళాలు. పత్తి తీసేసిన చేలల్లో నల్లరేగడి ఎండి, చెయ్యి దూరేంత బీటలు విచ్చుకుని ఉంది. చర్చి వీధిలో వాళ్ళ ఇల్లు. ముందు వసారాలో నులక మంచం మీద వాళ్ళ తాతగారు కూర్చుని ఉన్నారు. మిషను బడిలో పంతులుగా చేసి రిటైరయ్యారు. ఊరంతా ఆయన్ని పంతులుగారనే అంటారు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, నేను వచ్చినందుకు లేచి నిలబడ్డారు.

"చూడమ్మా, కొలుచుకో. నాకేం అభ్యంతరం లేదు. లైటు మాత్రం ఆర్పవద్దు. మా ఇంటావిడను పెట్టెలో పెట్టిన రోజునుంచీ దాన్ని ఎవరం ఆర్పలేదు."

పాకలో పగలు కూడా చీకటే. కింద నాపరాయి, పక్కన నీళ్ళు పోవడానికి చిన్న కాలువ, పైన వంద వాట్ల బల్బు. అది మాగిన నిమ్మకాయ రంగులో వెలుగుతోంది. బల్బునుంచి ఒక తీగ ఇంట్లోకి పోయింది. రెండోది గుంజ వెంట కిందికి దిగి మట్టిలోకి పోయింది. అదీ నేల కిందనుంచి ఇంట్లోకే పోతుందనుకున్నాను.

లైటు ఆర్పకుండా కొలవడానికి ఒక చిట్కా ఉంది. స్విచ్చు మూత విప్పి, దాని రెండు మరలకూ ఆమ్మీటరు తగిలించి, తర్వాత స్విచ్చు ఆపేస్తే కరెంటు మీటరులోంచి పారుతుంది, లైటు ఆరదు. చెక్కపీట మీద నిలబడి ఆ పని చేశాను. పంతులుగారు గుమ్మంలో నిలబడి బల్బు వైపే చూస్తున్నారు. అది రెప్పైనా వెయ్యలేదు. ఆయన ఊపిరి వదలడం నాకు వినబడింది.

పావు ఆంపియరు దాటి, సున్నా పాయింటు ముప్పై అయిదు దగ్గర ముల్లు ఆగింది. బల్బు దగ్గర వోల్టులు నూట నలభై.

అప్పుడు అక్క పాపను ఎత్తుకుని వచ్చింది. నా ఈడుదే ఉంటుంది. రాయి మీద కూర్చుని కాళ్ళు చాపింది. వాళ్ళ పిన్ని చెంబుతో నీళ్ళు వంచసాగింది. నేను బల్బు వైపు చూస్తున్నాను. చెల్లెలు చెప్పినట్టే, ఎవరో ఒత్తి పైకి లాగినట్టు, వెలుగు మెల్లగా పెరిగింది. నిమ్మపండు రంగు పోయి తెల్లబడింది. పాకంతా నిండింది. పిన్ని చెంబు ఆపకుండానే "వచ్చావా అత్తా?" అంది, గుమ్మంలోకి వచ్చిన మనిషిని పలకరించినట్టు.

నా ఒళ్ళు జలదరించింది. ఎందుకు అబద్ధం రాయాలి? చదువంతా ఆ క్షణాన ఎటో పోయింది. కళ్ళు దించితే అక్క కాలివేళ్ళు కనబడ్డాయి. ఆమె పాపను రుద్దడంలో ఉంది, వేళ్ళు మాత్రం వాటంతటవే ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి.

మీటర్లు చూశాను. నూట తొంభై వోల్టులు, సున్నా పాయింటు నలభై రెండు ఆంపియర్లు. వసారాలో ఫ్యూజు దగ్గర కూడా కొలిచాను. నిజంగానే రెండొందల ఇరవై. బస్సు వేళయిందని ఆ పిల్ల తొందరపెట్టింది. బల్బే పాతదనుకుని బస్సెక్కాను.

కిటికీ పక్కన కూర్చున్నాక లెక్క మొదలైంది. ఇంట్లోకి రెండొందల ఇరవై వస్తోంది. బల్బుకి నూట నలభయ్యే అందుతోంది. మిగతా ఎనభై ఎక్కడ? పాత బల్బు వోల్టులు తినెయ్యదు. ఆ ఎనభై ఇంకెక్కడో ఖర్చవుతోంది. బల్బులో పారిన కరెంటే అక్కడా పారాలి, ఉన్నది ఒకే దారి. ఎనభైని సున్నా పాయింటు ముప్పై అయిదుతో భాగించాను. సుమారు రెండొందల ముప్పై ఓములు. గుణించాను. ఇరవై ఎనిమిది వాట్లు. నీళ్ళు పోస్తే లెక్కకు రానివి ముప్పై వోల్టులకు పడిపోయాయి, నిరోధం డెబ్బై ఓములకు. తడిస్తే నిరోధం తగ్గే వస్తువేమిటి?

నేల.

రెండో తీగ ఇంట్లోకి పోలేదు. మట్టిలోకే పోయింది. ఆ పాక కింద ఎక్కడో ఒక ఇనుప కడ్డీ ఉంది. కరెంటు బల్బులోంచి ఆ కడ్డీలోకి, కడ్డీలోంచి మట్టిలోకి దిగుతోంది. రేగడి బీటల్లోకి నీళ్ళు దిగితే మట్టి కరెంటుకు దారి ఇస్తోంది, బల్బు వెలుగుతోంది. మన పల్లెల్లో ఎండాకాలం మోటారు దగ్గర ఎర్తు గుంటలో నీళ్ళు పోసే రైతుకి ఇది తెలిసినదే. ఇక్కడ ఆ గుంట మీద ఒక నాపరాయి ఉంది. దాని మీద ఒక పిల్లతల్లి కాళ్ళు చాపుకుని కూర్చుంటోంది. మడమ మీద చెయ్యి అంటే అది.

అంతవరకూ భయం కాదు, ఒకరకమైన సంతోషమే వేసింది. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. సబ్బునీళ్ళలో రోజూ నానే తీగ ఒకరోజు కడ్డీనుంచి ఊడిపోతే? బల్బు మందగిస్తుంది. బల్బు వదిలేసిన వోల్టులన్నీ తెగిన తీగ కొసకు వస్తాయి. పాకలోవాళ్ళు అప్పుడేం చేస్తారు? అవ్వ రాలేదని ఇంకా నీళ్ళు పోస్తారు.

గుంటూరులో దిగి తిన్నగా నల్లపాడులో లెక్చరరుగారి ఇంటికి వెళ్ళాను. ఆయన భోజనం చేస్తూ విన్నారు. నా అంకెలు చూసి, అన్నం మధ్యలోనే లేచి చెయ్యి కడుక్కున్నారు. "మళ్ళీ బస్సు పొద్దున్నేగా. నేనూ వస్తాను" అన్నారు. హాస్యం లేకుండా ఆయన మాట్లాడడం అదే మొదటిసారి విన్నాను.

ఆదివారం మేం వెళ్ళేసరికి చర్చి అప్పుడే వదిలారు. పాక చుట్టూ ఆడవాళ్ళు, చంకల్లో బిడ్డలు. లెక్చరరుగారు వసారాలో పంతులుగారి దగ్గర ఆగిపోయారు. నేను ఆడవాళ్ళను తోసుకుంటూ పాక గుమ్మం దాకా వెళ్ళాను.

బల్బులో వెలుగు లేదు. లోపలి తీగ మాత్రం ఆరిపోయే పుల్లలా ఎర్రగా ఉంది.

రాయి మీద అక్క. కాళ్ళమీద పాప, ఒంటినిండా నలుగుపిండి. పిన్ని ఆపకుండా నీళ్ళు పోస్తోంది.

"అవ్వ అలిగిందే. ఇంకో కాగు తోడండి!"

"వేడి సరిపోలేదేమో?"

"పాప కూడా ఏడవట్లేదు చూడు, దానికీ తెలిసిపోయింది."

అక్క తలెత్తి నన్ను చూసింది. ముఖం పాలిపోయి ఉంది. "మేడమ్, ఇయ్యాల అవ్వ చెయ్యి బరువుగా ఉంది" అంది.

బల్బు దగ్గర మహా అయితే ఇరవై వోల్టులుంటాయి. మిగతా రెండొందలూ ఆ రాయి కింద ఉన్నాయి. ఆమె లేచి అడుగు వేస్తే ఏ కాలు దేనిమీద పడుతుందో ఎవరికి తెలుసు? స్విచ్చు తడి నేలకు అవతల దడికుంది.

"పోయడం ఆపండి! ఎవరూ ఆమెను ముట్టుకోవద్దు. అమ్మా, నువ్వు కదలకు. కాలు కూడా కదపకు" అన్నాను. "సార్! ఫ్యూజు పీకండి!"

పిన్ని చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వసారాలో ఏమీ జరగలేదు. పరుగెత్తాను. పంతులుగారు ఫ్యూజు ముందు, గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నారు. లెక్చరరుగారు చేతులు జోడిస్తున్నారు.

"అది ఆరకూడదండీ" అంటున్నారు పంతులుగారు, ఎంతో మర్యాదగా. "మీరు పెద్దలు, మీకు చెప్పేటంతవాణ్ణి కాను. కొత్త బల్బు తెప్పిస్తాను. ఆర్పితే ఆమెకు దారి తెలియదు."

"పంతులుగారూ, వివరంగా తర్వాత చెబుతాను. ఇప్పుడా లైటు వెలుగుతోంది మీ మనవరాలి కాళ్ళ మీదుగా" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. పిల్లలు అబద్ధం చెబుతున్నారో లేదో జీవితమంతా కనిపెట్టిన మనిషి చూపు అది. వెనక్కి తిరిగారు. ఫ్యూజు ఆయనే పీకారు.

పాకలోకి తిరిగి వచ్చేసరికి పూర్తి చీకటి. అందరూ ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. పాప అప్పుడు ఏడ్చింది, గట్టిగా. నా ప్రాణం లేచొచ్చింది.

"ఇంక లేవచ్చమ్మా" అన్నాను.

అక్క లేవలేదు. "ఇంకా తియ్యలేదు మేడమ్" అంది మెల్లగా. "చెయ్యి అట్టానే ఉంది."

వెనక ఎవరో ప్రభువును తలుచుకున్నారు. నేను వెంట తెచ్చిన వోల్టుమీటరు తీసి, ఒక తీగ రాయి పక్క తడిమట్టికి, ఒకటి గుంజ వెంట దిగిన తీగకు ఆనించాను. లెక్చరరుగారు అగ్గిపుల్ల గీసి పట్టుకున్నారు. ముల్లు సున్నా మీద ఉంది. ఇంకోచోట ఆనించాను. సున్నా. కాలు తిమ్మిరెక్కి ఉంటుందని చెప్పాను, అలాగే అయివుంటుంది కూడా. పాపను చెల్లెలు అందుకుంది. ఇద్దరు ఆడవాళ్ళు అక్కను చంకల కింద పట్టి బయటికి తెచ్చారు. కాసేపటికి నడిచింది.

మగవాళ్ళు వచ్చి నాపరాయి లేపారు. కింద మట్టిలో నిలువుగా దిగగొట్టిన గడ్డపలుగు ఒకటి బయటపడింది.

"ఇది మనదే!" అంది పిన్ని. "దీనికోసం పక్కింటోళ్ళని దొంగలని కూడా తిట్టానే!"

అప్పుడు ఒక్కొక్కరికీ గుర్తొచ్చింది. శవం ఇంట్లో ఉన్న రోజు వెనక వంటలకు లైటు కావాల్సి వచ్చింది. ఇంట్లోంచి లాగడానికి ఉన్న తీగ ఒక్క వరసకే సరిపోయింది. వీధి చివర మోటార్లు బాగుచేసే కుర్రాడు రెండోదానికి బదులు పలుగు దిగగొట్టి పని కానిచ్చాడు. తర్వాత వాడు మగ్గాల పనికి చీరాల వెళ్ళిపోయాడు. అవ్వ జ్ఞాపకార్థ ప్రార్థన కూడికకని ఇల్లు బాగుచేస్తూ ఎవరో ఆ గుంట మీద కొత్త రాయి పరిచారు. తీగ పలుగును వదిలేసి, పచ్చగా చిలుమెక్కి, తడిమట్టిలో పడి ఉంది. మడమ ఆనే చోటికి జానెడు దూరం.

పలుగు పీకేశారు, తీగ కోసేశారు, రాయి మళ్ళీ పరిచారు. ఎవరూ నన్ను మెచ్చుకోలేదు. చంకల్లో బిడ్డల్నెత్తుకుని ఆడవాళ్ళు నావైపు చూసిన చూపు, ఇంట్లో మనిషిని బయటికి పంపేసినదాన్ని చూసినట్టుంది. పాప ఒకటే ఏడుపు. నలుగుపిండి ఎండి ఒళ్ళంతా బిగుసుకుంటోంది.

"నీళ్ళు పొయ్యండమ్మా, పిల్ల గుక్క పడుతోంది" అన్నారు పంతులుగారు.

ఎవరూ కదల్లేదు. పిన్ని పాక వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లెక్చరరుగారు కండువా సవరించుకుని ఆకాశం చూశారు. వసారాలో పోయొచ్చు కదా అని నేననబోయాను. పంతులుగారు నావైపు తిరిగారు.

"మీ ముల్లు సున్నా చూపించిందన్నారు కదమ్మా?"

"అవునండీ."

"అయితే మీరు కూర్చోండి."

అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. పసిబిడ్డను సరిగ్గా ఎత్తుకోవడం కూడా రాదు. ఫ్యూజు ఆయన చేతిలోనే ఉంది, చూస్తున్నాను. మీటరు అబద్ధం చెప్పదని పిల్లలకి నేను చెప్పినన్నిసార్లు ఎవరూ చెప్పి ఉండరు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని పాకలోకి వెళ్ళి, రాయి మీద కూర్చుని, కాళ్ళు చాపాను. రాయి చల్లగా ఉంది. పాపను నా కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టారు. గుండె నా మడమల్లో కొట్టుకుంటోంది. అది నా గుండేనని నాకు నేను చెప్పుకున్నాను.

నా స్టూడెంటు చెంబు ముంచింది. నీళ్ళు పడ్డాయి. బల్బు వైపు చూడకూడదనుకున్నాను, చూశాను. పాకలో ఉన్నవాళ్ళూ, గుమ్మం దగ్గర మెడలు చాచినవాళ్ళూ, లెక్చరరుగారూ, అందరం చూశాం. చీకట్లో గాజు బుడ్డి మసగ్గా వేలాడుతోంది. రెండో చెంబు. మూడోది. నలుగుపిండి కరిగి తెల్లగా కాలువలోకి పోయింది. పాప ఏడుపు మాని, నోట్లో వేలు పెట్టుకుంది.

పంతులుగారు అందరికంటే ఎక్కువసేపు చూశారు. కాగులో నీళ్ళు అయిపోయేదాకా చూశారు. తర్వాత ఫ్యూజు చొక్కా జేబులో వేసుకుని, దండెం మీది తువ్వాలు తీసి, రెండు చేతులా చాచి నా ముందుకు వంగారు.

"ఇటివ్వమ్మా. చలిపెడుతుంది పిల్లకి."